ముక్క వెంట కాగితం

పుప్పాలగూడ,
9 జూన్ 2025

అత్తమ్మకు,

శివను రాస్తున్నాను. నా చేతిరాత నువ్వు చూసి పదేళ్ళు దాటి ఉంటుంది. ఫోన్ చేస్తే నీ చెవి మిషన్‌లో ఈల మోగుతుందట, మెసేజ్ పెడితే చూడవట. ఏదైనా చెప్పాలంటే కాగితం మీద రాసి పంపమని నీ కూతురు కృష్ణప్రియ వదినే సలహా ఇచ్చింది.

నా కాలు సంగతి నాన్న నీకు చెప్పే ఉంటాడు. మే నెలలో వాన పడ్డ మర్నాడు కోకాపేట దగ్గర బండి జారింది. మోకాలి కింద ఎముక విరిగితే ప్లేటు వేశారు. మూడు నెలలు ఎడమ కాలు నేలకు మోపకూడదన్నారు. మా గది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. అమ్మా నాన్నా రెండు వారాలుండి సిద్దిపేట వెళ్ళిపోయారు. ఆఫీసు పని ల్యాప్‌టాప్‌లోనే చేసుకుంటున్నాను. నాతో ఉండే చైతన్య వండి పెడుతున్నాడు. అమలాపురం వాడు, పప్పుచారులో కూడా బెల్లం వేస్తాడు.

ఇప్పుడు అసలు విషయం. నా దగ్గర మూరెడు పొడవు రిమోట్ కారు ఒకటుంది. నవ్వకు. ఇక్కడ ఆఫీసుల్లో పనిచేసే మాలాంటి వాళ్ళం పదిహేను మందిమి ఆదివారాలు ఖాళీ జాగాలో మట్టి దిబ్బలు పోసి వీటితో పందేలు వేసుకుంటాం. కారుకు నాలుగు చక్రాలు, ఒక్కో చక్రానికీ ఒక షాక్ అబ్జార్బర్. దాని గొట్టంలో నూనె, నూనెలో చిన్న ప్లాస్టిక్ బిళ్ళ. అదే పిస్టన్. రూపాయి బిళ్ళలో సగం కూడా ఉండదు. దానికి రెండు బెజ్జాలుంటాయి. కారు ఎగిరి కింద పడ్డప్పుడు నూనె ఆ బెజ్జాల్లోంచే దూరి వెళ్ళాలి. బెజ్జం పెద్దదైతే కారు పొట్ట నేలకు కొట్టుకుంటుంది, చిన్నదైతే రాయిలా బిగుసుకుని గెంతుతుంది. బజారులో దొరికేవాటిలో ఒకదానికొకటి పోలిక ఉండదు. ఎడమ చక్రం ఒకలా దిగితే కుడి చక్రం ఇంకోలా దిగుతుంది.

బాలానగర్‌లో ఇరవై తొమ్మిదేళ్ళు సన్న బెజ్జాలు వేసిన మనిషి మన ఇంట్లోనే ఉండగా నేను బజారు వైపు చూడడమేంటి అనిపించింది. కొలతలు వెనక పేజీలో గీశాను. ఎనిమిది చేసి పంపుతావా? చైతన్య వాళ్ళ అక్క ఇల్లు నల్లగండ్లలో, శనివారం శనివారం వెళ్తాడు, తెచ్చిపెడతాడు.

పంపడం కన్నా నువ్వే తెస్తే ఇంకా బాగుంటుంది.

కిటికీ పక్క మంచం మీంచి,
శివ

*

లింగంపల్లి,
20 జూన్ 2025

చిరంజీవి శివకు మేనత్త కనకలక్ష్మి దీవెనలు.

నీ ఉత్తరం మీ వదినతో చదివించుకున్నాను. నీ రాత కోడి గెలికినట్టుంది. పెద్ద అక్షరాలు రాయి.

కాలు కింద దిండు పెట్టుకుంటున్నావా? ఎముక అతకాలంటే రాగి జావ తాగు. బెల్లం గురించి ఆ పిల్లవాణ్ణి ఏమీ అనకు, వండి పెట్టేవాడికి వంక పెట్టకూడదు.

తెల్ల ప్లాస్టిక్ కడ్డీ నా దగ్గర ఇంకా మూరెడు ఉంది. బాల్కనీలో ఉన్న నా బెజ్జాల మిషన్ మీద నూనె గుడ్డ తీసి ఆరు నెలలైంది. తీయగానే ఆ వాసనకు ప్రాణం లేచి వచ్చింది. ఎనిమిదీ చేశాను. వారం పట్టింది, నెమ్మదిగా చేశాను.

మా బాలానగర్ షాపులో ఒక పద్ధతి ఉండేది. మా పెద్ద సారు రంగనాథ్ గారు, 'కాగితం లేని ముక్క బయటికి పోవద్దు' అనేవారు. ముక్క వెంట దాని కొలత రాసిన కాగితం పోవాలి, పరీక్ష చేసినవాళ్ళ కాగితం తిరిగి రావాలి. మంచిదైనా చెడ్డదైనా. నేను కాగితం పెట్టాను. నీది నువ్వు పంపు. బాగుంది, బాగాలేదు అని రాయకు, అంకెలు రాయి.

రావాలనే ఉంది బిడ్డా. మోకాళ్ళు సహకరించడం లేదు, మూడంతస్తులంటున్నావు. కొన్నాళ్ళు పోనీ.

వదిన హఫీజ్‌పేట్‌లో కొత్త ఫ్లాటు చూస్తోంది. అక్కడ బాల్కనీ చిన్నదట. మిషన్‌ను చూసినప్పుడల్లా, 'ఇగ చాలదా అమ్మా' అంటోంది. నేను వినపడనట్టు ఊరుకుంటున్నాను. చెవులు పోతే ఇదొక్కటే సుఖం.

నీ క్షేమం కోరే
అత్త

*

పుప్పాలగూడ,
29 జూన్ 2025

మా పెద్ద సారు కనకలక్ష్మి గారికి,

పెద్ద అక్షరాలే రాస్తున్నాను. ఎనిమిదీ అందాయి.

పరీక్ష ఎలా చేశానో చెప్తాను. షాక్ అబ్జార్బర్‌కు స్ప్రింగు తీసేసి టేబులుకు నిలువుగా బిగించాను. పైన రెండు వందల గ్రాముల తూకం రాయి పెట్టి వదిలితే ఆ బరువుకు కడ్డీ నూనెలోకి మెల్లగా దిగుతుంది. ఎంతసేపట్లో దిగిందో ఫోన్‌లో వీడియో తీసి లెక్కగట్టాను. ఒక్కో పిస్టన్‌కు పదిసార్లు. ఒక రోజు చైతన్య ఏసీ వేశాడు, నూనె చిక్కబడి లెక్కంతా మారిపోయింది. ఆ రోజు అంకెలన్నీ కొట్టేసి మొదటికొచ్చాను. నీ ఎనిమిదింటికీ రెండు సెకన్ల మీద ఒక పిసరు, 2.08 నుంచి 2.12 లోపల. కొన్నవి 1.9 నుంచి 2.3 దాకా ఉన్నాయి. పట్టిక జతచేశాను.

తర్వాత నాలుగు బిగించి కారును టేబులు ఎత్తు నుంచి వదిలాం. పిల్లి గోడ దూకినట్టు నాలుగు కాళ్ళ మీదా ఒక్కసారే కూర్చుంది. చైతన్య కారును ఎత్తి ఇంకోసారి వదిలి చూశాడు. తర్వాత, "మీ అత్తగారు మనిషేనా అండి?" అన్నాడు. వాడు నన్ను అండి అన్నది మొదటిసారి.

మావాళ్ళందరికీ కావాలట. ఇంకో పన్నెండు చెయ్యగలవా? ఈసారి బెజ్జం ఒక పిసరు సన్నగా, ఒకటిన్నర మిల్లీమీటర్లు.

మోకాళ్ళ మాట అర్థమైంది. కింద చైతన్య ఉంటాడు, మెట్టుకొకసారి ఆగుతూ రావచ్చు. నువ్వొస్తే నాకు కొంచెం ధైర్యంగా ఉంటుంది. ఎందుకో వచ్చినప్పుడు చెప్తాను.

శివ

*

లింగంపల్లి,
12 జూలై 2025

శివా,

నీ పట్టిక వదిన మూడుసార్లు చదివింది. రెండోసారికే నాకు కంఠతా వచ్చింది, అయినా మళ్ళీ చదవమన్నాను. పక్కింటి జయంతికి కూడా వినిపించాను. పిస్టన్ అంటే ఏమిటో ఆమెకు తెలియదు. అయినా మెచ్చుకుంది.

పన్నెండూ పంపుతున్నాను. ఆలస్యమైంది. బోనాలని, చుట్టాలని, వానలని. ఈ నెల మబ్బులు వదలడం లేదు. నేను కొలతల కాగితం రాయలేదు, తొందరలో పంపుతున్నాను. నువ్వే కొలిచి రాయి.

మీ అమ్మకు ఆపరేషన్ అయిన ఏడాది నువ్వు మా ఇంట్లో ఉన్నావు, గుర్తుందా? రెండో తరగతి. అన్నం తినకుండా, అమ్మ ఎప్పుడొస్తుందని అడిగేవాడివి. అందరూ రేపు, రేపు అనేవారు. నేను నెల పడుతుందని చెప్పాను. ఆ రోజే కడుపునిండా తిన్నావు. నిన్న మిషన్ దగ్గర కూర్చుంటే ఎందుకో అది గుర్తొచ్చింది.

రావడం ఈ నెలలో కుదరదు. బోనాల రద్దీ. ఏమీ అనుకోకు.

అత్త

*

పుప్పాలగూడ,
19 జూలై 2025

అత్తమ్మా,

పన్నెండూ అందాయి, అన్నీ బాగున్నాయి. మావాళ్ళు చాలా సంతోషపడ్డారు. నీ పనికి వంక పెట్టేదేముంది?

ఇక వేరే మాట. విజయవాడ నుంచి మా మేనేజరు వచ్చి చూసి వెళ్ళాడు. అమలాపురం నుంచి చైతన్య వాళ్ళ నాన్నగారు పనసతొనలు పట్టుకుని వచ్చారు. లింగంపల్లి నుంచి పుప్పాలగూడ ఎంత దూరం? నేను నిన్ను తప్పుపట్టడం లేదు. కానీ ఒకసారి మోకాళ్ళు, ఒకసారి చుట్టాలు, ఒకసారి బోనాలు. నా మీద కోపం ఏమైనా ఉందా? రెండేళ్ళుగా పండక్కి కూడా మీ ఇంటికి రాలేదు, నిజమే. ఆ కోపమైతే తిట్టు, పడతాను.

శివ

*

లింగంపల్లి,
22 జూలై 2025

శివకు,

నీ మీద నాకు కోపం ఎందుకుంటుంది? అలాంటి మాట ఇంకోసారి రాయకు.

ఈసారి పట్టిక లేదు. ఒక్క అంకె లేదు. 'బాగున్నాయి' అని ఉంది. నేను రాయవద్దన్న మాటే అది. అంకెలు పంపు. లేకపోతే పన్నెండూ తిప్పి పంపు, నేను చూసుకుంటాను.

కనకలక్ష్మి

*

పుప్పాలగూడ,
25 జూలై 2025

అత్తమ్మా,

అంకెలు రాయడం మర్చిపోయాను, ఆఫీసు పని ఎక్కువగా ఉంది. పన్నెండింటికీ 2.50 వచ్చింది. తిప్పి పంపుదామంటే అవి నా దగ్గర లేవు. ఆదివారం పందెంలో మావాళ్ళు బిగించుకుని పోయారు, తిరిగిచ్చేలా లేరు.

నువ్వు రాకపోయినా ఫరవాలేదు. ఆరోగ్యం చూసుకో.

శివ

*

లింగంపల్లి,
3 ఆగస్టు 2025

శివశంకర్‌కు,

పన్నెండు ముక్కలకు ఒకే అంకె రాశావు. ఇరవై తొమ్మిదేళ్ళలో అలాంటి కాగితం నేను చూడలేదు. దేవుడు చేసిన వేళ్ళే ఒక్కలా ఉండవు.

నిన్న నీ ఉత్తరం ఇవ్వడానికి చైతన్య వచ్చాడు. కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి అడిగాను. ఆ పిల్లవాడికి అబద్ధం రాదు. చాయ్ గ్లాసు రెండుసార్లు తిప్పి, "మందుల డబ్బాలోనే ఉన్నాయండి, వాడు ఎవరికీ ఇవ్వలేదు" అన్నాడు. సాయంత్రం మళ్ళీ వచ్చి డబ్బా ఇచ్చి పోయాడు. వాణ్ణి తిట్టకు, తెమ్మన్నది నేనే.

బెజ్జాల్లోకి కొలత సూది దూర్చి చూద్దామనుకున్నాను. నాకు దూరలేదు. సూది ఎక్కడుందో, బెజ్జం ఎక్కడుందో కనిపించలేదు. చివరికి వదినను పిలిచి చూడమన్నాను. పన్నెండింటిలో ఏడు చెడ్డవి. ఒకదానికి బెజ్జం పక్కకు జరిగి అంచు చీలి ఉంది. అది మా షాపులో మొదటి నెల కుర్రాడు కూడా చెయ్యడు.

వదిన ముక్క కింద పెట్టి నా మొహంలోకి చూసింది. "అమ్మా, నీకు కండ్లు ఎప్పటిసంది కనిపిస్తలేవు?" అని అడిగింది. ఇగ దాచడానికి ఏముంది? సంక్రాంతి ముందు నుంచి మసక. మొదటి ఎనిమిదీ ఎండలో కూర్చుని చేసినవి. జూలైలో మబ్బు పట్టింది, వేళ్ళతో తడిమి చేశాను.

నీ దగ్గరికి ఎందుకు రాలేదంటే, వచ్చాను. జూన్ పదిహేడున బయల్దేరాను. బస్సు మీద పేరు కనిపించక, ఎవరినీ అడగలేక ఎక్కేశాను. నీ వైపు కాదు, ఎదురు దిక్కున పటాన్‌చెరులో దిగాను. మధ్యాహ్నం దాకా అక్కడ పండ్లమ్మే ఒకామె బండి దగ్గర కూర్చుని, ఆమె దయతో ఇల్లు చేరాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే మిషన్ ఇంట్లోంచి పోతుంది. చెవులు పోయాయి, కళ్ళు పోయాయంటే ఇగ నేను గుమ్మం పక్క కూర్చునే ముసలిదాన్నే కదా.

నాది తప్పే. కాని నీది ఇంకా పెద్ద తప్పు. 'ఏడు చెడ్డవి' అని నువ్వు జూలైలో రాసి ఉంటే ఆ రోజే నా కళ్ళ సంగతి బయటపడేది. నేను మనసులో కోరుకున్నది కూడా అదేనేమో. నోటితో చెప్పుకోలేనిది నీ కాగితం చెబుతుందనుకున్నాను. నువ్వు నన్ను ముసలిదాన్ని చేసి, ముద్దు చేసి, అబద్ధం రాశావు.

ఎల్లుండి దవాఖానకు పోతున్నాం.

అత్త

*

పుప్పాలగూడ,
5 ఆగస్టు 2025

అత్తమ్మా,

ముందు అంకెలు. మంచివి ఐదు: 2.56, 2.58, 2.57, 2.55, 2.58. చెడ్డవి: 1.62, 1.70, 1.94, 2.20, 3.10. అంచు చీలినది గొట్టంలో ఇరుక్కుంది, దిగనే లేదు. ఇంకొకటి ఒకసారి దిగి ఒకసారి ఆగింది. ఇవి జూలై పదహారునాటి అంకెలు. మూడు రోజులు ఈ కాగితం ముందు పెట్టుకుని కూర్చుని, తర్వాత దాన్ని మడిచి ల్యాప్‌టాప్ కింద పెట్టి నీకు ఆ ఉత్తరం రాశాను.

నా ఉద్యోగమే పరీక్ష చెయ్యడం. తప్పు కనిపిస్తే తప్పని రాయడానికే నాకు జీతం. నీ దగ్గరికొచ్చేసరికి చెయ్యి రాలేదు. వయసైపోయింది, పోనీలే, ఎందుకు బాధపెట్టడం అనుకున్నాను. వయసైంది అనుకున్నానే కానీ, ఎందుకిలా వచ్చాయి అని ఒక్కసారి ఆలోచించలేదు. నీకు పని మీద శ్రద్ధ తగ్గిందేమోనని కూడా అనుకున్నాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది.

నువ్వు రావాలని అంత పట్టుబట్టింది ఎందుకో చెప్పనా? ఇక్కడికి వచ్చిన ప్రతివాళ్ళూ, కాలు బ్రహ్మాండంగా ఉంది, నెలలో పరుగెడతావు అంటున్నారు. అమ్మ కూడా అదే మాట. నాకు రోజూ భయంగా ఉంది. మడమ దగ్గర ఇంకా స్పర్శ లేదు. ఎవరికి చెప్పినా, ఏం కాదులే అంటారు. నెల పడుతుందని చెప్పే మనిషి నాకు నువ్వు ఒక్కదానివే. నువ్వు రాకపోతే, వచ్చి నిజం చెప్పడం ఇష్టం లేక రావడం లేదేమో అనుకున్నాను.

పటాన్‌చెరు పండ్ల బండి దగ్గర నువ్వు కూర్చున్న సంగతి చదివాక అన్నం తినలేకపోయాను.

దవాఖానలో ఏమన్నారో ఉన్నదున్నట్టు రాయించు. నేను వదినతో మాట్లాడాను. మిషన్ గురించి ఒక మాట అన్నాను. ఏమన్నానో ఆమే చెబుతుంది.

క్షమించమని అడగను. అంకెలు సరిగ్గా రాస్తాను.

శివ

*

లింగంపల్లి,
27 ఆగస్టు 2025

బిడ్డా శివా,

ఇన్నాళ్ళూ తడుముకుంటూ రాశాను, ఇది చూసుకుంటూ రాస్తున్నాను. గీతల మీద నిలబడ్డాయా అక్షరాలు?

రెండు కళ్ళకూ మోతిబిందు, పొర బాగా ముదిరింది. ఇంకో ఆరు నెలలు ఆగి ఉంటే కష్టమయ్యేదని డాక్టరమ్మ నాకు వినపడేలా గట్టిగా చెప్పింది. పదమూడో తారీకున కుడి కన్ను చేశారు. ఎడమది అక్టోబరులో. చుక్కల మందు నాలుగు పూటలా వదినే వేస్తోంది. సగం చెంప మీద పడుతుంది.

కట్టు విప్పిన మర్నాడు పొద్దున వాకిట్లోకి వచ్చాను. ఆపరేషన్‌కు పోయే రోజు పొద్దున నేను వేసిన ముగ్గు అలాగే ఉంది. వంకర అంటే అంతా ఇంతా కాదు, చుక్క ఒకచోట, గీత ఇంకోచోట. అంటే సంక్రాంతి నుంచీ ఇట్లాగే వేస్తున్నాను. జయంతి రోజూ దాన్ని దాటుకునే పోతుంది. అడిగితే, "ఏమో పిన్నీ, కొత్త రకం అనుకున్నం" అన్నది. అరగంట నవ్వాను. తర్వాత కొంచెం ఏడ్చాను. అందరూ మంచివాళ్ళే, అందరూ నన్ను వంకరలోనే వదిలేశారు.

నువ్వు ముందు అబద్ధం రాసినా తర్వాత నిజం రాశావు. నీ ఐదో తారీకు కాగితం నా పెట్టెలో దాచుకున్నాను. అందులో అంకెలున్నాయి, పైగా భయం కూడా దాచకుండా రాశావు.

నువ్వు వదినతో అన్న మాట చెప్పింది. కొత్త ఫ్లాటు హాల్లో సోఫా తగ్గించుకుని మిషన్ పెట్టుకోమన్నావట. ఆమె మొదట మొహం మాడ్చుకుంది. తర్వాత సూదితో కొలవడం నేర్పమంది. మొన్న నేను బెజ్జం వేస్తుంటే పక్కన నిలబడి, ఇటు జరుపు, అటు జరుపు అని చెప్పింది. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నా పని వైపు చూసింది నా బిడ్డ. ఆ సంతోషం నేను ఆమెకు చూపించలేదు. నీకు రాస్తున్నాను.

నాలుగు చేశాను, ఒక్క కన్నుతో. నేనే తెస్తాను. కాలు చూడాలి.

అత్త

*

పుప్పాలగూడ,
14 సెప్టెంబరు 2025

అత్తమ్మా,

పోయిన ఆదివారం నువ్వు వచ్చి వెళ్ళినప్పటి నుంచి మా గదిలో మాటలన్నీ నీ గురించే. మూడంతస్తులూ ఎక్కి, ఆయాసం తీరకముందే, "నడువు, చూస్త" అన్నావు. మంచం దగ్గర్నుంచి తలుపు దాకా కర్ర పట్టుకుని నడిచాను. తిరిగి రమ్మన్నావు. చైతన్య ఎప్పటిలా, బ్రహ్మాండం అనబోయి నీ మొహం చూసి ఆగిపోయాడు.

"బరువంత కుడి కాలు మీదనే ఏస్తున్నవ్ బిడ్డా. ఎడమది దాస్తున్నవ్. ఇంక రెండు నెలలు పడ్తది."

అంతే అన్నావు. నాలుగు నెలల్లో మొదటిసారి ఆ రోజు నాకు బాగా నిద్ర పట్టింది.

నువ్వు చెప్పినట్టే మడమ సంగతి డాక్టరుకు చెప్పాను. ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాడు. నరం మెల్లగా కోలుకుంటోందట, ఏడాది దాకా పట్టొచ్చట. పూర్తిగా రాకపోవచ్చు కూడా అన్నాడు. భయం పోలేదు. కానీ ఇప్పుడు దానికొక కొలత ఉంది.

ఇక నాలుగు పిస్టన్ల కాగితం. ఏసీ లేదు, కిటికీ మూసి, ఒక్కోదానికి పదిసార్లు. మొదటిది 2.57, రెండోది 2.56, మూడోది 2.57. నాలుగోది 2.74. బెజ్జం లోపల చిన్న పొర మిగిలింది, దీపానికి అడ్డం పెట్టి చూస్తే కనిపిస్తుంది. పనికిరాదు, పక్కన పెట్టాను.

నాలుగోది మళ్ళీ చెయ్యి అత్తా. తొందరేం లేదు. నేనూ మెల్లగానే నడుస్తున్నాను.

నీ
శివ